‘అల్లరి’ అని రాయవద్దన్నారు

జూలై 9, బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు బడి నుంచి ఫోను వచ్చింది. నేను విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. ఆషాఢం తగ్గింపు అమ్మకాల రద్దీలో ఉన్నాం. మా అబ్బాయికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఆ రోజు తరగతిలో పెన్సిళ్ల పెట్టె విసిరికొట్టి, పక్క పిల్లవాడి చెయ్యి గిచ్చి, బయటికి పరుగెత్తాడట. బడి తెరిచాక అది మూడోసారి. నేను వెళ్లేసరికి వరండాలో గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ప్రిన్సిపల్ గారు కోప్పడలేదు. “సైకాలజిస్టుకు చూపించి కాగితం తీసుకురండమ్మా, ఆ తర్వాత మాట్లాడుకుందాం” అన్నారు.

కాగితం అనేసరికి నా గుండెలో రాయి పడింది. అందులో ఏం రాస్తారో, అది వాడి వెంట ఎన్నేళ్లు తిరుగుతుందో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కాగితం నా చేతికి వచ్చింది సెప్టెంబర్ 20న. ఈ పదిన్నర వారాల్లో ఏ రోజు ఏం చేస్తారో, ఎంత ఖర్చవుతుందో, ఎక్కడ ఆగిపోతుందో నాకు చెప్పినవాళ్లు లేరు. అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదట తప్పు చోటికి వెళ్లాం. మా బంధువు ఒకరు చెప్పారని జూలై 13, ఆదివారం వాడిని ఒక సంస్థకు తీసుకెళ్లాం. పది వేళ్ల ముద్రలు తీసుకున్నారు. 4,500 రూపాయలు. ఎనిమిది రోజుల తర్వాత 38 పేజీల రంగుల పుస్తకం ఇచ్చారు. మెదడులో కుడివైపు ఎంత, ఎడమవైపు ఎంత, పెద్దయ్యాక ఏ ఉద్యోగం సరిపోతుంది అని అన్నీ ఉన్నాయి. వాడు తరగతిలోంచి ఎందుకు పరుగెత్తుతున్నాడో మాత్రం ఒక్క వాక్యం లేదు. వేలిముద్రలను బట్టి పిల్లల ప్రవర్తన తెలియదని తర్వాత సైకాలజిస్టు చెప్పినప్పుడు, డబ్బుకంటే పోయిన రోజులకే ఎక్కువ బాధపడ్డాను. ఏ పరీక్ష చేయించినా ముందు అడగవలసింది ఒకటే: చేసేవారికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? క్లినికల్ సైకాలజిస్టులకు అది తప్పనిసరి. అడిగితే అసలైనవాళ్లు నొచ్చుకోరు. తర్వాత మేం వెళ్లిన సైకాలజిస్టు మేడమ్ నంబరు గోడమీదే ఉంది, రిపోర్టు చివర సంతకం కిందా ఉంది.

జూలై 25న సూర్యారావుపేటలో పిల్లల డాక్టరు గారిని కలిశాం. ఫీజు 500. గంటన్నర కూర్చోబెట్టారు. ఆ గంటన్నర మా వాడు చేతులు కట్టుకుని, గోడమీద బొమ్మలు చూస్తూ, బుద్ధిమంతుడిలా ఉన్నాడు. లోపలికి వెళ్లాక డాక్టరు గారు అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. నేను అబద్ధం చెబుతున్నానని అనుకుంటారేమోనని భయం. ఆయన మాత్రం, “కొత్త చోట, కొత్త మనిషి ముందు ఇలాగే ఉంటారమ్మా. నా గదిలో పది నిమిషాలు చూసి నేనేం చెప్పినా నమ్మకండి. ముందు కళ్లు, చెవులు చూపించుకుని రండి” అన్నారు. ఆ మాటకు ఆయనకు ఎంతో రుణపడి ఉన్నాను. కంటి డాక్టరు 300 తీసుకుని కొద్దిగా సిలిండర్ పవర్ ఉందన్నారు. కళ్లజోడు 1,400. వినికిడి పరీక్ష 600, రెండు చెవులూ బాగున్నాయి. కళ్లజోడుతో అంతా సర్దుకుంటుందని వారం రోజులు ఆశపడ్డాను. సర్దుకోలేదు.

సైకాలజిస్టు దగ్గర ఆగస్టు 6కు సమయం దొరికింది, ఫోను చేసిన తొమ్మిది రోజులకు. మొదటి రోజు పిల్లవాడిని తేవద్దన్నారు. ఇద్దరూ రండి, టీకాల కార్డు, ఒకటో తరగతి నుంచి ప్రోగ్రెస్ కార్డులు, పాత నోటు పుస్తకాలు తెండి అన్నారు. నోటు పుస్తకాలు ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. అదృష్టం కొద్దీ మా అత్తగారు పాత కాగితాలవాడికి వేయకుండా రెండో తరగతివి అటక మీద దాచారు.

గంటంపావు మాట్లాడారు. కాన్పు ఎలా జరిగింది, ఎప్పుడు నడిచాడు, ఎప్పుడు మాటలు వచ్చాయి, రాత్రి ఎన్నింటికి పడుకుంటాడు, ఇంట్లో ఎవరు కొడతారు. ఆ చివరి ప్రశ్నకు మా వారు నేల చూశారు, నేనూ చూశాను. మేడమ్ దాని మీద ఏమీ అనలేదు, రాసుకున్నారంతే. తర్వాత నేను ఊహించని ప్రశ్న వేశారు. “ఎక్కడ బాగుంటాడు?” మా వారు వెంటనే ఆటోనగర్ అన్నారు. ఆయన అక్కడ లారీ బాడీలు కట్టే షెడ్డులో పని చేస్తారు. ఆదివారాలు వాడు ఆయన వెంట వెళ్తాడు. నట్లు, బోల్టులు సైజుల వారీగా డబ్బాల్లో వేస్తూ రెండు గంటలు కదలడు. ఏ కొలత బోల్టు ఏ చెక్కకు పడుతుందో పెద్దవాళ్లకే చెబుతాడు. మేడమ్ ఆ సంగతి మొత్తం రాసుకున్నారు. నెలరోజులుగా వాడి గురించి ఒక మంచి మాట ఎవరైనా రాసుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ రోజు ఫీజు 800. పరీక్షలన్నిటికీ కలిపి 6,000, బడికి వచ్చి చూడటానికి విడిగా 2,000 అని ముందే కాగితం మీద రాసిచ్చారు. ఇంటికి పంపేటప్పుడు మూడు చేతిలో పెట్టారు: మాకు రెండు ఫారాలు, టీచరు గారికి అంటించిన కవరులో ఒకటి, ఒక వంద పేజీల నోటు పుస్తకం.

ఆ నోటు పుస్తకం గురించే నేను ఎక్కువ చెప్పాలి. పేజీకి నాలుగు గడులు గీశారు. సమయం. ముందు ఏం జరిగింది. ఏం చేశాడు. వెంటనే తర్వాత ఏం జరిగింది. రెండు వారాలు రాయాలి. “అల్లరి చేశాడు అని రాయకండి. మొండికేశాడు అనీ, కోపం వచ్చింది అనీ రాయకండి. మాట వినిపించని వీడియోలో చూసినా కనపడేది మాత్రమే రాయండి” అన్నారు మేడమ్. తేలికే అనుకున్నాను. మొదటి రాత్రి రాసిన నాలుగు పద్దుల్లో మూడు కొట్టేయాల్సి వచ్చింది. ‘విసిగించాడు’ అని రాశాను. విసిగింది నేను. వాడు చేసింది ఏమిటి? పుస్తకం మూశాడు, బల్ల కింద దూరాడు, పది నిమిషాలు రాలేదు. రాసే మాట మారిస్తే నా కోపం కూడా కొంత తగ్గడం గమనించాను. ఎనిమిదేళ్లుగా వాడిని అల్లరివాడు అంటున్నాం. అల్లరిని లెక్కపెట్టలేం, బల్ల కింద దూరడాన్ని లెక్కపెట్టవచ్చు.

ఒక పద్దు ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

ఆగస్టు 11, సోమవారం. 6:40. ముందు: తెలుగు పాఠం పది లైన్లు చూసి రాయమన్నాను. చేసింది: రెండు లైన్లు రాశాడు, పెన్సిల్ ముల్లు నేలకేసి విరగ్గొట్టాడు, పుస్తకం తోశాడు, ఏడ్చాడు. తర్వాత: 7:05కి మిగతాది వాడి రాతలా నేను రాశాను.

ఇంకొకటి. ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం. సాయంత్రం 5 నుంచి 7:30 వరకు వాడికి ఒక పని అప్పగించాను, పద్నాలుగు ఇళ్లకు తాంబూలాలు ఇచ్చి రావాలి. ఎవరింట్లో ఎవరు లేరో, ఎవరికి రెండోసారి వెళ్లాలో అన్నీ నోటితో గుర్తుపెట్టుకుని చేశాడు. చేసింది అనే గడిలో రాయడానికి ఏమీ లేదు. ఆ ఖాళీ గడిని కూడా మేడమ్ వేలు పెట్టి చూపించారు. గొడవ లేని రోజులు కూడా రాయమన్నది అందుకేనట.

ఆగస్టు 20 రాత్రి, దుకాణంలో చిట్టా చూసే అలవాటు కొద్దీ, కూర్చుని పద్దులు కలిపాను. మొత్తం 23. అందులో 16 చోట్ల ‘ముందు’ గడిలో ఒకే మాట ఉంది: రాయమన్నాను, చూసి రాయమన్నాను, డిక్టేషన్ చెప్పాను. ఆ పదహారులో పదకొండు చోట్ల ‘తర్వాత’ గడిలో మళ్లీ ఒకే మాట: నేనే రాశాను, అత్తగారు రాసిపెట్టారు, సరేలే రేపు చూద్దాం అన్నాను. నా చేతిరాతలోనే ఉంది. ఎవరో చెబితే నమ్మేదాన్ని కాదు. వాడు ఏడవగానే రాత ఆగిపోతోంది. ఏడిస్తే రాయక్కర్లేదని వాడికి నేర్పింది మేమే. పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా వారు వచ్చి అడిగితే చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, “బళ్లో కూడా ఇంతేనేమో” అన్నారు. బళ్లోనూ అదే జరుగుతోందని సెప్టెంబర్‌లో తేలింది.

ఫారాల దగ్గర రెండు చిక్కులు. అవి పిల్లల ధ్యాస, కుదురు ఎలా ఉన్నాయో అంచనా వేసే వాండర్‌బిల్ట్ ఫారాలు. తల్లిదండ్రులది 55 ప్రశ్నలు, టీచరుది 43. మొదటి పద్దెనిమిదిలో తొమ్మిది ధ్యాస గురించి, తొమ్మిది కుదురు లేకపోవడం గురించి. ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా అని సున్నా నుంచి మూడు వరకు అంకెలు. ప్రశ్నలు ఇంగ్లీషులో ఉన్నాయి, మేడమ్ తెలుగులో చదివి చెప్పారు. కానీ ‘తరచుగా’కు ‘చాలా తరచుగా’కు తేడా ఎక్కడ? వారంలో మూడుసార్లా, రోజూనా? అడిగితే, అదే వయసు పిల్లలతో పోల్చి ఆలోచించమన్నారు. మాకు ఒక్కడే కొడుకు, ఎవరితో పోల్చగలం? చివరికి మా ఆడపడుచు కొడుకుని గుర్తు చేసుకుని నింపాను. నేను, మా వారు విడివిడిగా నింపాలన్నారు, ఒకరిది ఒకరు చూడకూడదు. ‘తరచుగా’, ‘చాలా తరచుగా’ అన్నవే లెక్క. ధ్యాస తొమ్మిదిలో నావి నాలుగు లెక్కకు వచ్చాయి, ఆయనవి ఒకటి. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే పిల్లవాడిని చూస్తాం. ఆయన చూసే వేళలు వేరు, అంతే. హోంవర్కు వేళ ఆయన ఇంట్లో ఉండరు.

టీచరు గారి కవరు రావడానికి పదిహేడు రోజులు పట్టింది. ఆవిడ తరగతిలో 42 మంది. రెండుసార్లు గేటు దగ్గర నిలబడి గుర్తు చేశాను, రెండుసార్లూ సిగ్గుపడ్డాను. ఆగస్టు 23న వచ్చిన ఫారంలో దాదాపు అన్నిటికీ చివరి గడిలోనే టిక్కులు ఉన్నాయి. అలిసిపోయిన మనిషి పెట్టిన టిక్కులవి, ఆవిడను నేను తప్పు పట్టను. మేడమ్ ఆవిడకు ఫోను చేసి అరగంట మాట్లాడి, ఒక్కో ప్రశ్నకు ఈ నెలలో చూసిన ఒక సంఘటన చెప్పమన్నారు. రెండోసారి నింపిన ఫారంలో ధ్యాసకు ఏడు, కుదురు లేకపోవడానికి నాలుగు వచ్చాయి. చివర చదువు గురించిన భాగంలో లెక్కలకు 3, రాతకు 5. అక్కడ 5 అంటే అన్నిటికంటే తక్కువ. మీ టీచరు గారికి కవరు ఇచ్చేటప్పుడు అది ఎందుకో రెండు నిమిషాలు కూర్చుని చెప్పండి. నేను చేతిలో పెట్టి వచ్చేశాను, అదే నా పొరపాటు.

బడిలో కూర్చుని చూడటానికి ప్రిన్సిపల్ గారి అనుమతి కావాలి. లేఖ ఇచ్చాక వినాయక చవితి సెలవు వచ్చింది, మరో వారం గడిచింది. సెప్టెంబర్ 1, సోమవారం మేడమ్ వెళ్లి ఊరికే వెనక బెంచీలో కూర్చుని వచ్చారు. ఏమీ రాయలేదట. కొత్త మనిషి ఉంటే పిల్లలందరూ వేరుగా ఉంటారు కాబట్టి మొదటి రోజు లెక్కలోకి తీసుకోరట. 3వ తేదీన మళ్లీ వెళ్లారు. ఎవరిని చూస్తున్నారో పిల్లలకు తెలియదు, మా వాడికీ తెలియదు. మేమూ చెప్పలేదు. చెప్పకుండా ఉండటం నాకు కష్టమే అయింది.

ఇరవై నిమిషాలను పదిహేను సెకన్ల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కలో పని మీద ఉన్నాడా లేదా అని గుర్తు పెట్టారు. మొత్తం 80 గుర్తులు. అదే బెంచీ వరసలో ఇంకో పిల్లవాడికి కూడా అలాగే. నోటిలెక్కల వేళ మా వాడు 80లో 58, రెండోవాడు 61. బోర్డు మీది జవాబులు ఎక్కించుకునే వేళ మా వాడు 24, రెండోవాడు 63. ఇరవై నిమిషాల తేడాలో అదే గది, అదే టీచరు, అదే పిల్లవాడు. ఆ రెండో ఇరవై నిమిషాల చివర వాడు రబ్బరు విసిరాడు, టీచరు గారు వరండాలోకి పొమ్మన్నారు. వరండాలోకి వెళ్లగానే వాడి భుజాలు కిందికి దిగాయి అని మేడమ్ రాశారు. ఆ వాక్యం చదివినప్పుడు జూలై 9న గోడవైపు తిరిగి నిలబడ్డ వాడి వీపు గుర్తొచ్చింది. నేను ఆ రోజు వాడు భయపడుతున్నాడనుకున్నాను.

సెప్టెంబర్ 6, 13 శనివారాలు వాడికి పరీక్షలు. రెండూ పొద్దున పది గంటలకే. ముందు రోజు తొందరగా పడుకోబెట్టమన్నారు, కడుపు నిండా తినిపించి తెమ్మన్నారు, కళ్లజోడు మరిచిపోవద్దన్నారు. ఏమి అడుగుతారో చెప్పరు, చెప్పకూడదు కూడా. పక్కింటావిడ ఫోనులో ఏవో నమూనా ప్రశ్నలు పంపారు. మేడమ్‌కు చెబితే అవి చూపించవద్దని గట్టిగా అన్నారు. సాధన చేసి వస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదట. మొదటి రోజుది తెలివితేటలు కొలిచే మాలిన్ పరీక్ష, నాగపూర్‌లో 1969లో మన పిల్లల కోసం తయారుచేసింది. కొన్ని భాగాలు మాటలతో, కొన్ని చేతులతో. నేను బయట కూర్చున్నాను. గంటా నలభై నిమిషాలు. బయటికి వచ్చి, “అమ్మా, చెక్కముక్కలు ఉన్నాయి, నాన్న షెడ్డులో లాగా. తప్పు చేసినా తప్పు అనలేదు” అన్నాడు. ఆ రెండో మాట రెండుసార్లు చెప్పాడు.

రెండో శనివారం బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ వారి పరీక్షలు. చదవడం, స్పెల్లింగులు, లెక్కలు, బొమ్మలు చూసి వేయడం, వరసల్లోంచి కొన్ని అంకెలను వెతికి కొట్టేయడం. మధ్యలో రెండుసార్లు నీళ్లు తాగడానికి బయటికి వచ్చాడు. స్పెల్లింగుల తర్వాత వచ్చినప్పుడు గ్లాసు పట్టుకున్న చెయ్యి చెమటతో తడిసి ఉంది. నేనేమీ అడగలేదు.

సెప్టెంబర్ 20న రిపోర్టు, ఏడు పేజీలు. మేడమ్ మాకు చదివి వినిపించారు, తొందరపడలేదు. తెలివితేటలు వయసుకు తగ్గట్టే ఉన్నాయి. చెక్కముక్కలతో చేసినదాంట్లో వయసుకు మించి వచ్చింది. చూసి గబగబా గుర్తులు ఎక్కించే భాగంలో బాగా తక్కువ. స్పెల్లింగు, రాత ఒకటో తరగతి స్థాయిలో ఉన్నాయి. అటక మీది పాత నోటు పుస్తకాల్లో కూడా అవే తప్పులు, అవే అక్షరాలు తిరగబడటం. అంటే ఇది ఈ ఏడాది పుట్టిన గొడవ కాదు. రాతకు సంబంధించిన అభ్యసన వైకల్యం, అంటే తెలివి ఉన్నా రాత నేర్చుకోవడంలో ఇబ్బంది అని రాశారు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య) అని రాయలేదు. ఆ పేరు పెట్టాలంటే లక్షణాలు కనీసం ఆరు నెలలు ఉండాలి, రెండు చోట్ల కనపడాలి. మా వాడికి బడిలో ఉన్నాయి, ఇంట్లో రాత వేళ తప్ప లేవు. అయినా ఆ తలుపు మూయలేదు, జనవరిలో మళ్లీ చూస్తామన్నారు.

ఆ రోజు నాకు ఒకేసారి రెండు కలిగాయి. వాడు చెడ్డవాడు కాదని తెలిసి మనసు తేలికయింది. రెండేళ్లు వాడి చేతిమీద స్కేలుతో కొట్టిన సంగతి గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. మేడమ్ గ్లాసు నీళ్లు ఇచ్చి, ఏడవనిచ్చారు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఈ ప్రైవేటు రిపోర్టు బడిలో సాయం కోసం పనికొస్తుంది. ప్రభుత్వపరంగా సర్టిఫికెట్ కావాలంటే ప్రభుత్వ ఆసుపత్రి దారిలో మళ్లీ వెళ్లాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యమూ ఉంది. ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు. మేం ఇంకా దరఖాస్తు పెట్టలేదు, మా అత్తగారు వైకల్యం అన్న మాటకు ఇంకా అలవాటు పడలేదు.

దసరా సెలవుల తర్వాత, అక్టోబర్ 6న బడిలో అందరం కూర్చున్నాం. నా నోటు పుస్తకమూ, 80 గుర్తుల కాగితమూ బల్లమీద పక్కపక్కన పెట్టారు. టీచరు గారు చాలాసేపు చూసి, “బయటికి పంపడం శిక్ష అనుకున్నాను మేడమ్. వాడికది సెలవులా ఉందన్నమాట” అన్నారు. ఆవిడ మీద నాకున్న కోపమంతా ఆ క్షణంలో పోయింది. నేనూ అదే చేశాను కదా. తీర్మానాలు కొన్నే. బోర్డు మీదిది సగం ఎక్కించుకుంటే చాలు, మిగతాది అచ్చు కాగితం ఇస్తారు. జవాబులు నోటితో చెప్పనిస్తారు. బయటికి పంపరు. చేతికి అలుపొస్తే పసుపు కార్డు చూపించి మూడు నిమిషాలు ఆగవచ్చు, రోజుకు మూడుసార్లు. ఇంట్లో నేను రాయకూడదు. వారానికి రెండు రోజులు ప్రత్యేక పాఠం, ఒక్కోదానికి 300.

తర్వాతి పది రోజులు ఇంతకుముందుకంటే ఘోరంగా గడిచాయి. ఏడుపు పెరిగింది, నా చీర కొంగు పట్టుకుని లాగాడు, ఒకరోజు పలక పగలగొట్టాడు. ఇలా అవుతుందని మేడమ్ ముందే హెచ్చరించారు. ఇన్నాళ్లూ ఏడిస్తే తెరుచుకున్న తలుపు తెరుచుకోకపోతే ఇంకా గట్టిగా తడతారు, అప్పుడు తెరిస్తే మొదటికి వస్తుంది అన్నారు. ఆ హెచ్చరిక లేకపోతే మూడో రోజుకే పెన్సిల్ అందుకుని ఉండేదాన్ని. మా అత్తగారు రెండుసార్లు అందుకోబోయారు, మా వారు ఆవిడను మెల్లగా పక్క గదిలోకి తీసుకెళ్లారు. అక్టోబర్ 17న మొదటిసారి మూడు లైన్లు ఏడవకుండా రాశాడు. వంకరగా ఉన్నాయి, వాడివే.

మొత్తం ఖర్చు 11,600. వేలిముద్రలవి 4,500 వేరు. ప్రత్యేక పాఠాల డబ్బు ఇందులో లేదు, నేను పెట్టిన ఏడు సగంరోజు సెలవులూ లేవు.

సంక్రాంతి సెలవులయ్యాక, జనవరి మూడో వారంలో మళ్లీ వెళ్లాలి. అవే ఫారాలు, మళ్లీ ఇద్దరం విడివిడిగా. ఈసారి హోంవర్కు వేళ మా వారు కూడా ఇంట్లో ఉండి చూడాలన్నారు, డిసెంబరు నుంచి ఆయన షెడ్డు నుంచి వారంలో రెండు రోజులు ఆరింటికే వస్తున్నారు. నోటు పుస్తకంలో ఇంకా 31 పేజీలు ఉన్నాయి.